మా బావ టీవీలో కనిపించనిది

మా అక్క టీవీలో వస్తుందన్న సంగతి సుల్తానాబాద్‌లో ఆమె ఉండే వీధికంతా తెలిశాకే నాకు తెలిసింది. ఒక చానెల్ వాళ్లు జిల్లాల నుంచి ఆడవాళ్లను పిలిచి వాళ్ల ఇళ్లలో చేసుకునే వంటలు చేయిస్తారు. అక్క బియ్యప్పిండితో సర్వపిండి చేస్తుండగా పక్కింటావిడ ఫోన్‌లో తీసి వాళ్లకు పంపిందట. వాళ్లు రమ్మన్నారు. అక్కా బావా హైదరాబాద్ వెళ్లి, స్టూడియోలో ఒక పూటంతా ఉండి, షూటింగ్ ముగించుకుని వచ్చేశారు కూడా. ప్రసారమయ్యే రోజు ఖాయమయ్యాక గానీ నాకు ఫోన్ చేయలేదు.

"ముందుగాల చెప్తె గా చీర కట్టకు, గిట్ల మాట్లాడకు అని పానం తీస్తవ్. అందుకే చెప్పలే," అంది.

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. నాకు చిన్నప్పటి నుంచీ కుదురు తక్కువ. ఆదిలాబాద్‌కు బదిలీ అయ్యాక అది ఇంకా పెరిగింది. అక్కడ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఆయన ఉద్యోగం కరీంనగర్‌లో. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి కరీంనగర్ పోవడం, మళ్లీ తిరిగి రావడం. కరీంనగర్‌లో ఉంటే దిద్దని పేపర్లు గుర్తొస్తాయి, ఆదిలాబాద్‌లో ఉంటే స్టవ్ మీద పాలు పొంగబెట్టి మరిచిపోయే మా ఆయన గుర్తొస్తాడు. ఏ ఊళ్లోనూ చెప్పులు విప్పి కూర్చున్నట్టు ఉండేది కాదు.

ఆదిలాబాద్ గదిలో నాకో చిన్న టీవీ ఉంది. దానికి కేబుల్ లేదు. ఫోన్‌లోని నెట్ కలుపుకుని, అయిపోయిన కార్యక్రమాలను మర్నాడు చానెల్ యాప్‌లో చూసుకుంటాను. కానీ అక్క వచ్చే రోజు మర్నాటి దాకా ఆగే ఓపిక నాకు లేదు. అందుకని కింద ఇంటి ఓనరమ్మ దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమెది ఇంట్లో మరాఠీ, బయట తెలుగు. రెండూ కలిపి మాట్లాడుతుంది. తన టీవీ ముందు నాకు కుర్చీ వేసి, తను మంచం మీద కూర్చుంది.

అక్క వచ్చింది. కుంకుమరంగు పట్టుచీర కట్టుకుంది. ఆ రంగు చీర అంచు దాటి చుట్టూ గాలిలోకి పాకినట్టు కనిపించింది. పిండి కలుపుతుంటే వేళ్ల చుట్టూ చిన్న చిన్న గళ్లు లేస్తున్నాయి. ముఖం మాత్రం నున్నగా, పిండిబొమ్మలా ఉంది. గంజు గిన్నెలో నుంచి తీసిన సర్వపిండి ఒక పచ్చని పళ్లెం లాగా ఉంది. అందులో నువ్వులున్నాయో పల్లీలున్నాయో చూసి చెప్పలేం. అయినా నేను కుర్చీ అంచున కూర్చుని, నోరు తెరుచుకుని చూశాను.

"అరె బాయీ, మీ అక్కనా? మస్తు గోరీ ఉన్నది గద!" అంది ఓనరమ్మ.

మా అక్క తెల్లగా ఉండదు. ఆ టీవీలో అందరూ తెల్లగానే ఉంటారు.

కార్యక్రమం అయిపోగానే అక్క ఫోన్. వెనక నుంచి ఇంటినిండా జనం గోల.

"ఏమే, చూసినవా? లావు కనవడ్డనా?"

"లేదక్కా, మంచిగ కనవడ్డవ్."

"మొకం?"

"మొకం సుత మంచిగున్నది."

"అంచు మాడింది కనవడ్డదా?"

"ఏం అంచు?"

"ఏం లేదు తియ్," అని నవ్వి ఫోన్ పెట్టేసింది. అంత సంతోషంగా ఆమె గొంతు విని చాలా కాలమైంది.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే చాయ్ పెట్టుకుని నా టీవీలో యాప్ తెరిచాను. నిన్నటి కార్యక్రమం ఉంది. మొదట బొమ్మ మసగ్గా వచ్చింది, చక్రం ఒకటి తిరిగింది, తరువాత ఎవరో అద్దం మీద ఆవిరి తుడిచినట్టు ఒక్కసారిగా తేటపడింది. నేను గ్లాసు కింద పెట్టేశాను.

అది నిన్న చూసిన మనిషి కాదు. అసలు మా అక్క. పాపిట దగ్గర రంగు వేయడం మరిచిపోయిన తెల్ల వెంట్రుకలు, పై పెదవి మీద చెమట, మణికట్టు మీద చిన్నప్పుడు వేడి నూనె చింది పడిన మచ్చ. చీర జరీలో పోగులు కనిపిస్తున్నాయి. సర్వపిండిలో ఒక్కొక్క నువ్వుగింజా విడిగా కనిపిస్తోంది. అంచు నిజంగానే ఒక పక్క నల్లగా మాడింది. మా అక్క దాన్ని కెమెరాకు అవతలి వైపు తిప్పాలని చూడటం, యాంకర్ అమ్మాయి తెలియక మళ్లీ ఇవతలికి తిప్పడం చూసి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను.

తరువాత యాంకర్ ఒక ముక్క తుంచి అక్క నోట్లోనే పెట్టింది. పచ్చిమిరపకాయ తగిలినట్టుంది. అక్క కళ్లు చిట్లించి నీళ్లు అడిగింది. గ్లాసెత్తి, గడ్డం పైకి లేపి తాగింది. లైటు పక్క నుంచి పడుతోంది. గుటక వేసినప్పుడు మెడకు ఎడమ వైపు, నల్లపూసలకు కాస్త కింద, రేగుపండంత ఉబ్బు ఒకటి పైకి లేచి కిందికి దిగింది.

నేను వెనక్కి జరిపి మళ్లీ చూశాను. లేచింది, దిగింది. మళ్లీ చూశాను. మా మేనత్తకు థైరాయిడ్ గడ్డ ఉండేది. ఆమె మింగినప్పుడు అది కదలడం చిన్నప్పుడు ఎదురుగా కూర్చుని చూసేదాన్ని. ఇదీ అలాగే కదిలింది.

ఇంకోసారి చూద్దామంటే నెట్ బలహీనపడింది. బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, మెడ మళ్లీ నున్నగా అయిపోయింది. ఫోన్‌ను కిటికీలో పెట్టాను. కాసేపటికి తేటపడింది, ఉబ్బు కనిపించింది. మళ్లీ మసకబారింది, ఉబ్బు పోయింది. బొమ్మ చెడినంత సేపూ మా అక్కకు ఏమీ లేదు. బొమ్మ బాగుపడగానే జబ్బు వస్తోంది. నేను ఫోన్‌ను కిటికీ నుంచి తలుపు దగ్గరికి, తలుపు నుంచి మెట్ల మీదికి మారుస్తూ పొద్దంతా తిరిగాను. అన్నం వండుకోలేదు. ఓనరమ్మ కింది నుంచి, "కాయ్ ఝాలే బాయీ, ఏమైంది?" అని అడిగితే, "సిగ్నల్ లేదమ్మా," అన్నాను.

సాయంత్రం అక్కకు ఫోన్ చేశాను కానీ చెప్పలేకపోయాను. ఎవరెవరు మెచ్చుకున్నారో చెబుతోంది. వాళ్ల బియ్యం కొట్టు దగ్గరికి వచ్చిన వాళ్లు కూడా బావను, "మీ ఇంటామె టీవీల వచ్చింది గద," అని అడుగుతున్నారట. ఆ మాటల మధ్యలో మెడ సంగతి ఎలా ఎత్తను? మర్నాడు స్కూల్లో పిల్లలు నల్లా దగ్గర తలలెత్తి నీళ్లు తాగుతుంటే వాళ్ల గొంతుల వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ సాయంత్రం ఇక ఆగలేక చెప్పేశాను.

"అక్కా, నీ మెడకు ఏదో వాపున్నది. నీళ్లు తాగేటప్పుడు కనవడ్డది. ఒకసారి డాక్టర్‌కు చూపెట్టుకో."

అక్క కొట్టిపారేసింది. "గదంత లైట్లే. మెడకు సుత పౌడర్ రాసింది గా మేకప్ పిల్ల. గదే గడ్డలెక్క కనవడి ఉంటది," అంది.

"పౌడర్ పైకి కిందికి కదులుతదా అక్కా?"

ఫోన్ బావ తీసుకున్నాడు. బావ నెమ్మదైన మనిషి. ఎవరి మీదా గొంతు పెంచడు. "మరదలా, నేను మొన్న సూసిన, ఇయ్యాల పొద్దుగాల మల్ల వేస్తె మల్ల సూసిన. మా టీవీల ఏం లేదు. మీ టీవీ ఖరాబున్నట్టుంది, జర సూపెట్టుకో," అన్నాడు.

"బావా, నా టీవీల మంచిగ కనవడ్తది కాబట్టే కనవడ్డది."

"మాది సుత మంచిగనే కనవడ్తది. గీ టీవీ కొన్న సంది ఒక్కనాడు సుత రిపేర్ రాలే."

ఆయన హాల్లోని ఆ టీవీ గురించి నాకు తెలుసు. దాని మీద ఈగ వాలినా ఊరుకోడు. దానికి వచ్చే కేబుల్‌లో క్రికెట్ బంతి కనిపించదు. ఆటగాడు ఎటు చూస్తే బంతి అటు పోయిందనుకోవాలి. బావకు అది లోటుగా ఎప్పుడూ అనిపించలేదు.

యాప్ లింకు అక్క ఫోన్‌కు పంపాను. చూసి, "ఏం లేదు," అంది. వాళ్లింట్లో నెట్ అంతంత మాత్రం. ఆ చిన్న తెరలో అన్నిటికంటే నాసిరకం బొమ్మ వచ్చి ఉంటుంది. నా టీవీ మీద బొమ్మను ఆపి, ఫోన్‌తో ఫోటో తీసి పంపాలని చూశాను. తెర మీద వంకర గీతలు పడి, మెడ ఒకటే కాదు, మనిషే గుర్తుపట్టరాకుండా వచ్చింది. మా ఆయనకు చెప్తే, "ఊకె పరేషాన్ కాకు, నువ్వు వచ్చినంక పోయి సూద్దాం తియ్," అన్నాడు. నేను వారం ఎలా గడిపానో నాకే తెలియదు. బోర్డు మీద లెక్క సగం చేసి, ఎక్కడ ఆపానో మరిచిపోయి పిల్లలను అడిగేదాన్ని.

శనివారం స్కూలు కాగానే బస్సెక్కాను. నిర్మల్‌లో బస్సు ఆగితే దిగి రెండు వైపులా నడిచి మళ్లీ ఎక్కాను. జగిత్యాల దాటాక కొండగట్టుకు పోయే వాళ్లు ఎక్కి, కొండ దగ్గర దిగిపోయారు. ఎవరు నీళ్ల సీసా ఎత్తినా వాళ్ల గొంతే చూశాను. ఒకామె నా చూపు గమనించి, నాకు దాహమేస్తోందనుకుని సీసా నా ముందుకు చాపింది. తీసుకుని తాగాను. ఏమని చెప్పను?

ఆదివారం పొద్దున్నే మా ఆయన, నేను సుల్తానాబాద్ వెళ్లాం. అక్క వాకిట్లోనే ఎదురైంది. బాగానే ఉంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది, ఎప్పుడూ అలాగే కప్పుకుంటుంది. నేను లోపలికి పోగానే గ్లాసుతో నీళ్లు తెచ్చి, "తాగక్కా," అన్నాను.

"ఇంటికొచ్చింది నువ్వు. నాకిస్తవేందే నీళ్లు?"

"తాగు జర."

"పెండ్లి సూపులా ఇవి? నడువుమంటవా, పాట పాడుమంటవా?" అని నవ్వబోయి ఆగిపోయింది. నా ముఖం చూసింది. గ్లాసు తీసుకుని తల వంచుకుని రెండు గుక్కలు తాగి ఇచ్చేసింది.

నాకేమీ కనిపించలేదు. ఆ గదిలో వెలుతురు తక్కువ. మెడ మీద ముడత, పుస్తెలతాడు, నల్లపూసలు. చేయి వేయబోతే వెనక్కి జరిగింది. నా కళ్ల ముందు, చేయి చాపితే అందేంత దగ్గరలో ఉన్న మనిషిలో కనిపించనిది ఎక్కడో ఆదిలాబాద్ గదిలో తెర మీద ఎలా కనిపించింది? ఒక్క క్షణం బావ మాటే నిజమేమో, నా టీవీ చెడిందేమో అనుకున్నాను. అలా అనుకోవడం ఎంత హాయిగా ఉందో. ఆ హాయిని నేను నమ్మలేకపోయాను.

"మా ఇంటికి పోదాం పా అక్కా," అన్నాను. "మధ్యాహ్నం అన్నం అక్కడే. బావా, మీరు సుత రండ్రి."

కరీంనగర్‌లో మా ఇంట్లో పెద్ద టీవీ, మంచి నెట్ ఉన్నాయి. ఎందుకు పిలిచానో వాళ్లిద్దరికీ తెలుసు. దారి పొడుగునా అక్క నాతో మాట్లాడలేదు. అన్నాలు తిన్నాక నేను యాప్ తెరిచాను. బొమ్మ మొదటి నుంచే తేటగా వచ్చింది.

గోడ మీద అంత పెద్దగా తనను తాను చూసుకుని అక్క బిత్తరపోయింది. "అయ్యో, మాడిన అంచు గింత కనవడ్తదా! లోకమంత సూసిండ్రా గిది? గిట్ల కనవడ్తదని తెలిస్తె నేను పోకపోదును," అని చేత్తో నోరు మూసుకుంది. బావ మాత్రం సోఫాలో ముందుకు వంగాడు. ఆయన జరీ వైపు, గిన్నెల వైపు, అక్క ముఖం వైపు మార్చి మార్చి చూస్తున్నాడు. "నీ ఎంటికలు గిన్ని తెల్లగైనయా?" అని మెల్లగా అన్నాడు. రోజూ చూసే మనిషిని అప్పుడే మొదటిసారి చూసినట్టున్నాడు.

నీళ్లు తాగే చోటు వచ్చింది. ఉబ్బు లేచింది, దిగింది.

"మల్ల పెట్టు," అన్నాడు బావ.

మళ్లీ పెట్టాను. ఆయన లేచి టీవీ దగ్గరికి పోయి నిలబడ్డాడు. వేలు తెర దాకా తీసుకుపోయి, తాకకుండా ఆపాడు. మూడోసారి అడగలేదు. రిమోట్ నా చేతిలో నుంచి తీసుకుని తనే ఆపేశాడు.

అక్క తెర వైపు కాకుండా నా వైపు చూస్తోంది. "గా ఒక్కదినమే నేను సంతోషంగున్న," అంది. "నువ్వు గా దినంల సుత రోగమే ఎతికినవ్."

బావ రిమోట్ పక్కన పెట్టి, "పొద్దుగాల దవఖానకు పోదాం. ఇయ్యాల ఇక్కన్నే ఉందాం," అన్నాడు. మరిక ఆ టీవీ గొప్పా, ఈ టీవీ గొప్పా అన్న మాట ఆయన ఎత్తలేదు.

నేను స్కూలుకు సెలవు పెట్టాను. డాక్టరమ్మ అక్క వెనక నిలబడి మెడను వేళ్లతో నొక్కి చూసి, మింగమని, మళ్లీ మింగమని చెప్పింది. "చిన్నగానే ఉంది. మీకెట్లా తెలిసింది?" అని అడిగింది.

"టీవీల కనవడ్డది మేడం," అన్నాడు బావ.

"స్కానింగ్‌లోనా?"

"కాదు మేడం. వంటల ప్రోగ్రాంల."

ఆమె కలం ఆపి ముగ్గురి ముఖాలూ చూసింది. నేను మొత్తం చెప్పాను. ఆమె నవ్వలేదు. స్కానింగ్ రాసింది, తరువాత సూదితో చేసే పరీక్ష రాసింది. ఆ ఫలితం వచ్చేదాకా నేను మా ఇంట్లో బట్టలన్నీ మడిచి, విప్పి, మళ్లీ మడిచాను. గిన్నెలు తోమినవే తోమాను. అక్క మాత్రం మంచం మీద పడుకుని గోడ వైపు తిరిగి ఉండేది. పిలిస్తే పలికేది, తనంతట తను మాట్లాడేది కాదు. ఒకరోజు మా ఇద్దరికీ చాయ్ తనే పెట్టి తెచ్చింది. నా గ్లాసు నా పక్కన పెట్టి పోయింది. అంతే.

ఫలితం అటూ ఇటూ కాకుండా వచ్చింది. తీసి చూస్తే గానీ తేలదన్నారు. ఆపరేషన్ చేశారు. తీసిన గడ్డను పరీక్షకు పంపితే అది మంచిది కాదని తేలింది. కానీ ఇంకా లోపలే, తన గూట్లోనే ఉందని, బయటికి పాకలేదని డాక్టరమ్మ చెప్పింది. "ఇంకొన్నాళ్లు ఆగి వచ్చి ఉంటే?" అని నేను అడిగాను. "ఆగలేదు కదా," అంది ఆమె. బావ వరండాలోకి పోయి, మాకు వీపు చేసి చాలాసేపు నిలబడ్డాడు. మా ఆయన పోయి పక్కన నిలబడ్డాడు.

అక్కకు గొంతు పోయింది. నరం దగ్గర కదిలించారు కాబట్టి కొంతకాలం అలాగే ఉంటుందన్నారు. గుసగుసగా తప్ప మాట రాదు. మెడకు పల్చని నూలు కండువా చుట్టుకుని మా ఇంట్లోనే ఉంది. కోపంగా ఉన్నా అరవలేదు, నవ్వినా చప్పుడు రాదు. నా సెలవు అయిపోయి నేను ఆదిలాబాద్ బయలుదేరుతుంటే, వద్దన్నా వినకుండా బావతో కలిసి బస్టాండ్ దాకా వచ్చింది.

బస్సు ఇంకా పెట్టలేదు. జామకాయలమ్మే ముసలామె గంప ముందు అక్క ఆగింది. "తియ్యగుంటయా?" అని గుసగుసగా అడిగింది. ముసలామె అటూ ఇటూ చూసి, తనూ ముందుకు వంగి, రహస్యం చెప్పినట్టు, "మస్తు తియ్యగుంటయి బిడ్డా," అని గుసగుసలాడింది. అక్క ఇంకేదో అడిగింది. ముసలామె మళ్లీ అంతే మెల్లగా జవాబిచ్చింది. ఆ పక్కనే బస్సుల హారన్లు, ఊళ్ల పేర్లు అరిచే కండక్టర్లు. వాళ్లిద్దరూ ఆ గోలలో దొంగసొమ్ము పంచుకుంటున్నట్టు తలలు దగ్గరపెట్టి బేరమాడుతున్నారు. బావ సంచి పట్టుకుని, తనూ గొంతు తగ్గించి, "పండ్లు పచ్చిగున్నయా సూడు," అన్నాడు. అక్క నా వైపు తిరిగింది. ఆపరేషన్‌కు ముందు నుంచీ నా ముఖం సరిగా చూడని మనిషి, భుజాలు కదిలేలా, చప్పుడు లేకుండా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. ముసలామె కంగారుపడి నాకో జామకాయ చేతిలో పెట్టింది.

గొంతు మెల్లగా తిరిగొచ్చింది. మునుపటి కంటే కాస్త మందంగా ఉంది. ఫోన్‌లో మొదటి మాట వినగానే ఇప్పటికీ ఎవరో అనుకుంటాను. రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటుంది. అప్పుడప్పుడు పరీక్షకు పోవాలి. ఆ రోజుల్లో నేను ఎక్కడున్నా కరీంనగర్ వస్తాను. పోయినసారి కూడా రక్తమిచ్చి, రిపోర్టు కోసం ఆస్పత్రి వరండాలో కూర్చున్నాం. కూర్చున్నది వాళ్లే. బావ పేపర్ చదువుతున్నాడు. అక్క గోడకు తల ఆనించి కళ్లు మూసుకుంది. నేను కౌంటర్ దాకా పోయి రావడం, మళ్లీ పోయి రావడం.

అక్క కళ్లు తెరవకుండానే నా కొంగు పట్టుకుని ఆపింది.

"జర కూసోయే," అంది. "నువ్వు తిరిగితె రిపోర్టు జల్ది వస్తదా?"